గనిగాలి గుట్టు విప్పిన హాల్డేన్

హనుమకొండ నుండి పరకాల మీదుగా భూపాలపల్లికి పోయే బస్సులలో తెల్లవారకముందే గని కార్మికులు కనిపిస్తారు. కాకతీయుల పేరు పెట్టుకొన్న సింగరేణి గనులు అక్కడ ఉన్నవి. వాటిని ఆ ప్రాంతంలో గనులనరు, బాయిలంటారు. బాయిపని అంటే భూమి లోపలి బొగ్గుపని. పరకాల చుట్టుపట్ల బడులలో చదివే పిల్లలలో, తండ్రియో మేనమామయో అన్నయో బాయిలో దిగేవారు కొందరైనా ఉంటారు.

దిగేవారందరి కంటె ముందుగా పనిచోటికి పోయి చూచి రావలసినవాడు ఒకడున్నాడు. అతడు సర్దారు. అతనిపైన ఓవర్‌మన్ ఉంటాడు. పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడునుబట్టి రాయి గట్టిగా ఉన్నదో వదులైనదో పోల్చుకొనటం, గాలి వచ్చే దారి మూసుకొనిపోలేదు గదా అని చూడటం, మండే వాయువు చేరినదేమో పరీక్షించటం అతని విధులు. ప్రమాదమున్నదని తోచినపుడు మనుషులను వెనుకకు మళ్లించవలసిన భారం కూడ అతనిదే. అందుచేతనే అనుభవముంటే చాలునని మన గని చట్టం ఊరుకోలేదు. పరీక్షలో కృతార్థుడై పత్రం పొందినవానికే ఆ పని అప్పగించినది. వాయుపరీక్షకు మరొక పత్రం వేరుగా పెట్టినది. 1965 మే 28న, నాటి బీహారు రాష్ట్రంలోని ధోరీ గనిలో బొగ్గుధూళి అంటుకొని 268 మంది మరణించినారు. ఆ మరుసటి సంవత్సరం, 1966లో, గనులలో పనిచేసేవారికి వృత్తిశిక్షణ ఇవ్వవలెనన్న నియమాలు మన దేశంలో వెలువడినవి.

శిక్షణలో చెప్పే పాఠాలు వినటానికి చిన్నవి. మిథేను వాయువు గాలి కంటె తేలిక, కాబట్టి కప్పునంటి నిలుస్తుంది. బొగ్గుపులుసు వాయువు బరువు, కాబట్టి నేలనంటి నిలుస్తుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. దీపం దానిని పట్టి ఇవ్వదు. పుస్తకంలో మూడు నాలుగు పంక్తులకు మించని ఇటువంటి సంగతులలో కొన్నిటిని కనిపెట్టటానికి, అన్నిటినీ గని అధికారుల తలకెక్కించటానికి ఒక వైద్యుడు నలభై ఏండ్లు పాటుపడినాడు. శవాలను పరీక్షించినాడు. విషవాయువును తానే పీల్చి, ఏమి జరుగుతున్నదో గడియారం చూచుకొంటూ వ్రాసికొన్నాడు. ఆయన పేరు జాన్ స్కాట్ హాల్డేన్.

1860 మే 2న స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ఆయన జన్మించినాడు. తండ్రి న్యాయవాది, కలిగిన కుటుంబం. అన్న రిచర్డ్ బ్రిటిషు ప్రభుత్వంలో యుద్ధమంత్రియై, పిమ్మట లార్డ్ ఛాన్సలర్ పదవి నధిష్ఠించినాడు. చెల్లెలు ఎలిజబెత్ రచయిత్రి. మేనమామ బర్డన్ సాండర్సన్ ఆక్స్‌ఫర్డులో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. ఇట్టి ఇంట పుట్టినవాడు కోరుకొంటే ఏ నగరంలోనైనా పెద్ద వైద్యుడై గుర్రపుబండిలో తిరిగి ఉండవచ్చును. 1884లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పుచ్చుకొన్నాడు గాని, రోగులను చూచి సంపాదించే త్రోవ ఆయనకు రుచించలేదు. రోగి మంచమెక్కక ముందు పీల్చిన గాలి ఎట్టిది అన్న ప్రశ్న ఆయనను పట్టుకొన్నది.

డండీ పట్టణంలో ఆయన మొదటి పరిశోధనలు జరిగినవి. అర్ధరాత్రి దాటిన పిమ్మట, బీదలు ఒకే గదిలో కిక్కిరిసి నిద్రించే ఇండ్లకు తోటి పరిశోధకులతో పోయి, అక్కడి గాలిని సీసాలలో పట్టి తెచ్చి పరీక్షించినాడు. మురుగు సొరంగాలలో దిగి అక్కడి గాలినీ తెచ్చినాడు. మురుగు సొరంగంలోని గాలిలో ఉన్న సూక్ష్మక్రిముల కంటె, కిటికీలు మూసి పిల్లలను కూర్చోబెట్టిన బడిగదుల గాలిలోని సూక్ష్మక్రిములే ఎక్కువని తేలినది. ఉపాధ్యాయులు ఒక్క నిమిషం ఆగి తమ తరగతి గది కిటికీలవైపు చూడదగిన సంగతి ఇది. కంటికీ ముక్కుకూ తోచేది ఒకటి, కొలిస్తే తేలేది వేరొకటి అన్న పాఠాన్ని హాల్డేన్ ఆ మురుగులోనే నేర్చుకొన్నాడు. 1887లో మేనమామ పిలుపుమీద ఆక్స్‌ఫర్డు చేరినాడు. జీవితాంతం ఆయన నివాసం ఆ ఊరే.

ఆనాటి ఇంగ్లండు బొగ్గుమీద నడిచే దేశం. హంఫ్రీ డేవీ 1815లో తీగల వలతో రక్షకదీపం చేసి ఇచ్చినప్పటి నుండి, గనివారి చేతికి ఒక సాధనం దొరికినది. మిథేను ఉన్నచోట ఆ దీపపు జ్వాల చుట్టూ నీలపు కాంతి కనిపిస్తుంది. ప్రాణవాయువు బాగా తగ్గితే దీపం ఆరిపోతుంది. దీపం వెలుగుతున్నంతసేపు మనిషికి భయం లేదన్న నమ్మకం ఇందునుండి పుట్టినది. ఆ నమ్మకంతోనే పేలుడు జరిగిన గనులలోకి రక్షకదళాలు దీపాలు పట్టుకొని పరుగెత్తేవి. వారిలో కొందరు తిరిగి వచ్చేవారు కారు. పక్కన దీపం వెలుగుతూనే ఉండగా మనిషి చచ్చిపడి ఉండేవాడు.

ఈ చిక్కును హాల్డేన్ విప్పినాడు. పేలుడు తర్వాత గనిలో నిండే గాలిలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. గాలిలో వేయింట రెండు పాళ్లున్నా కొంతసేపటిలో మనిషిని కూల్చటానికి అది చాలును. ఆ కొద్దిపాటికి దీపం చలించదు. దీపం కోరేది ప్రాణవాయువును మాత్రమే. మనిషికి ఆ ప్రాణవాయువును మోసే రక్తం కూడ కావలెను. రక్తంలోని ఎర్రని పదార్థం ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా కార్బన్ మోనాక్సైడును పట్టుకొంటుంది. పట్టుకొన్నదానిని త్వరగా వదలదు. చుట్టూ ప్రాణవాయువు ఉండి కూడ మనిషి ఊపిరాడకుండా చనిపోవటానికి కారణమిది.

ఇది తేల్చటానికి ఆయన ఎన్నుకొన్న ప్రయోగజంతువు తన దేహమే. కొలిచి కలిపిన కార్బన్ మోనాక్సైడును తాను పీలుస్తూ, మధ్యమధ్య తన రక్తపు చుక్క తీసి, నీటిలో కలిపి రంగు పోల్చి, ఎంత రక్తం విషాన్ని పట్టుకొన్నదో లెక్కకట్టినాడు. ఆ రంగు పోల్చే పద్ధతి కూడ ఆయన రూపొందించినదే. ఒక ప్రయోగంలో రక్తంలో సగానికి పైగా ఆ విషం ఆక్రమించినది. కాళ్లు తూలినవి, చూపు మందగించినది, వ్రాస్తున్న అక్షరాలు వంకరలు పోయినవి. ఆ వంకర అక్షరాలు కూడ ఫలితాలలో భాగమే! 1895లో ఈ పరిశోధన ప్రకటితమైనది. మరొకరిని కూర్చోబెట్టి ఈ ప్రయోగం చేయటం ఆయనకు సమ్మతం కాలేదు. సాహసమని దీనిని పొగడేవారున్నారు. ఆయన మాత్రం ఎంత పాలు వాయువుకు ఎంతసేపటిలో ఎంత రక్తం చెడుతుందో ముందుగా లెక్క వేసికొని, అంచు ఎక్కడున్నదో కనుగొని అక్కడ ఆగినవాడు.

ఆ మరుసటి ఏడే అసలు పరీక్ష వచ్చినది. 1896 జనవరి 27న దక్షిణ వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గని పేలి 57 మంది మరణించినారు. హాల్డేన్ అక్కడికి పోయినాడు. అంతవరకు గని పేలుడులో చావు అంటే మంటకో దెబ్బకో చావు అని అందరూ అనుకొనేవారు. ఆయన ఒక్కొక్క శవాన్ని పరిశీలించినాడు. ఎక్కువ దేహాలమీద చర్మం గులాబిరంగు పొడగట్టినది. అది కార్బన్ మోనాక్సైడు నిండిన రక్తపు రంగు. ఆ ఏడే బ్రాన్స్‌పెత్, మికిల్‌ఫీల్డు గనులలో జరిగిన పేలుడు మరణాలనూ అదే విధంగా విచారించి, అన్నిటినీ కలిపి ప్రభుత్వానికి నివేదిక సమర్పించినాడు. పేలుడులో చచ్చినవారు కొందరే. పేలుడు దాటి బ్రతికి, పిమ్మట విషపుగాలిలో చిక్కి చచ్చినవారే ఎక్కువ అన్నది ఆ నివేదికలోని సారాంశం.

ఈ ఒక్క వాక్యం ఎంత మార్పు తెచ్చినదో గని మేస్త్రీల దృష్టితో చూస్తే గాని తెలియదు. మంటలో చచ్చినవానిని ఎవరూ కాపాడలేరు. కాని పేలుడు తర్వాత అరగంటసేపు బ్రతికి ఉన్నవాడు, ఏ దారిని పోవలెనో తెలిసినవాడైతే, బయటపడగలడు. ఏ గోడ వెనుక మంచి గాలి మిగిలి ఉంటుంది, ఏ దారిలో విషం పోతుంది, రక్షకులు ఏ సాధనంతో దిగవలెను, ఎంత దూరం పోయి ఆగవలెను - ఇవన్నీ అప్పటి నుండి నేర్వదగిన విద్యలైనవి. ప్రాణవాయువును వెంట మోసికొనిపోయే రక్షకయంత్రాలను హాల్డేన్ పరీక్షించి, వాటిలోని లోపాలను మొగమాటం లేకుండా ఎత్తిచూపినాడు. నేటి గని కార్మికుడు నడుముకు కట్టుకొని దిగే సెల్ఫ్ రెస్క్యూయర్ ఆ చింతనకు సంతానమే.

దీపం పట్టి ఇవ్వని విషాన్ని పట్టి ఇచ్చేది ఏది? హాల్డేన్ చిన్న ప్రాణులను సూచించినాడు. చిన్న ప్రాణి తన బరువుకు మించిన వేగంతో ఊపిరి పీలుస్తుంది. దాని రక్తం మనిషి రక్తం కంటె ఎన్నో రెట్లు త్వరగా విషాన్ని తీసికొంటుంది. మనిషికి ఇంకా ఏమీ తోచకముందే అది కూలబడుతుంది. మొదట తెల్ల ఎలుకలను వాడమన్నాడు. ఎలుక ఒక మూల ముడుచుకొని కూర్చుంటే నిద్రో మూర్ఛో తెలియదు. కొమ్మమీది పక్షి పడిపోతే మాత్రం కనిపించక మానదు. కాబట్టి కెనరీ పిట్టలు గనులలోకి వచ్చినవి. బ్రిటిషు గనులలో వాటికి సెలవు ఇవ్వాలన్న నిర్ణయం 1986లో గాని జరుగలేదు. కూలిన పిట్టకు మంచిగాలి తగిలితే తేరుకొంటుంది. చాలమంది కార్మికులు వాటిని బిడ్డలవలె చూచుకొన్నారు.

ఈ విషంలో మరొక మాయ ఉన్నది. అది చంపక ముందు తెలివిని హరిస్తుంది. 1897 మేలో మాన్ ద్వీపంలోని స్నేఫెల్ సీసపుగనిలో కలప తగులబడి ఇరవైమంది మరణించినారు. విచారణకై దిగిన గని తనిఖీ అధికారి లెనీవ్ ఫాస్టర్ అదే వాయువులో చిక్కినాడు. చేతిలో నోటుబుక్కు ఉన్నది, నిచ్చెన దగ్గరలోనే ఉన్నది. ఆయన నిచ్చెన ఎక్కే యత్నం మాని, భార్యాబిడ్డలకు వీడ్కోలు మాటలు పదేపదే అవే అవే వ్రాస్తూ కూర్చున్నాడు. తోడివారు లాగి బయటపడవేసినందున బ్రతికినాడు. గనులనుగూర్చి అంత తెలిసినవాడే విషం సోకినపుడు కాలు కదపలేదు. తనకు తల తిరిగితే బయటికి వత్తునులే అని ఏ సర్దారు అనుకొనరాదన్న నియమానికి ఇంతకు మించిన సాక్ష్యమేమి కావలెను? హాల్డేనుకు కూడ ఇది అనుభవమే. గని నుండి క్షేమంగా బయటపడినపుడెల్లా ఆయన ఇంటికి తంతి పంపేవాడు. ఒకసారి ఇంటికి ఒకే క్షేమవార్త తంతి మీద తంతిగా వచ్చినదట. విషం సోకిన తలకు, పంపిన తంతి గుర్తు లేదు! ఆ ఇంటివారు చెప్పుకొనే కథ ఇది.

1891లో ఆయన లూయిసా కాథ్లీన్ ట్రాటరును వివాహమాడినాడు. 1892లో కొడుకు జాన్, 1897లో కూతురు నయోమీ పుట్టినారు. కూతురు పిమ్మట ప్రసిద్ధ రచయిత్రి అయినది. కొడుకును ఆయన చిన్ననాటి నుండే గనులకు వెంటబెట్టుకొని పోయేవాడు. ఉత్తర స్టాఫర్డ్‌షైర్‌లోని ఒక గనిలో, మిథేను చేరిన చోట దీపాన్ని పైకెత్తి చూపినాడు. దీపంలో నీలిమంట నిండి టప్పున ఆరిపోయినది. పిమ్మట కొడుకును అక్కడ నిటారుగా నిలువబెట్టి, షేక్స్‌పియరు నాటకంలో సీజరు శవం ముందు ఆంటొనీ చేసే ప్రసంగాన్ని వల్లించమన్నాడు. నాలుగు పంక్తులు దాటినవో లేదో బాలునికి రొప్పు వచ్చినది, కాళ్లు కూలినవి, నేలమీద పడినాడు. నేలమీది గాలి మంచిది, తేరుకొన్నాడు. మిథేను కప్పునంటి ఉంటుందనీ, దానిని పీల్చటం వెంటనే విషం కాదనీ, ప్రాణవాయువు లేకపోవటమే కూలదోసినదనీ ఆ బాలుడు జన్మలో మరువలేదు. ఉపాధ్యాయులెవరూ ఈ పద్ధతిని అనుసరించరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

బ్లాక్‌డాంప్ అని గనివారు భయపడే చెడుగాలి అచ్చంగా బొగ్గుపులుసు వాయువు అని అంతవరకు అనుకొనేవారు. అది ఎక్కువ పాలు నత్రజని, తక్కువ పాలు బొగ్గుపులుసు వాయువు అనీ, బొగ్గు తనలోకి ప్రాణవాయువును పీల్చుకోగా మిగిలిన గాలి అనీ హాల్డేన్ చూపినాడు. ఈ ప్రాణవాయువును బొగ్గు పీల్చే సంగతి మున్ముందు మనకు కావలసివస్తుంది.

1902లో కార్న్‌వాల్ తగరపు గనులలో మరొక కథ నడిచినది. డాల్కొత్ గని కార్మికులు పాలిపోయి నీరసించిపోతూ ఉన్నారు. చెడుగాలివల్లనే అని అందరి నిశ్చయం. గాలిని గూర్చి అంత పరిశోధించినవాడు తన విద్యకే పట్టం కట్టి ఉండవచ్చును. హాల్డేన్ గాలిని కొలిచి, ఆ పాలిపోవటానికి అది చాలిన కారణం కాదని తేల్చుకొని, రక్తాన్ని పరీక్షించినాడు. దోషి కొంకిపురుగు. గనిలోని వేడి, చెమ్మ దానికి అనుకూలించినవి. మరుగుదొడ్ల ఏర్పాటు లేనందున ఒకరినుండి ఒకరికి పాకినది. ఏర్పాటు చేయవలసినది కొత్త పంకా కాదు, బాల్చీలు, శుభ్రత. ఆయన జీవితంలో ఇది పెద్ద ఘట్టం కాదని చరిత్రకారులు దాటిపోతారు. ప్రమాదకారణాన్ని విచారించేవాడు తనకు వచ్చిన విద్యను పక్కన పెట్టి చూడగలగటం సామాన్యం కాదు.

1905లో, మన ఊపిరిని నడిపేది రక్తంలోని బొగ్గుపులుసు వాయువే అని ప్రీస్ట్‌లీ అన్న సహచరునితో కలిసి ఆయన స్థాపించినాడు. ఆ సంవత్సరమే వేడి గనులలో మనిషి ఓర్పుకు హద్దు ఏదో తెలిపినాడు. మామూలు ఉష్ణమాపకం చూపే అంకె కాదు, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే అంకె ముఖ్యమనీ, కదలని గాలిలో అది 31 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే పని చేయక కూర్చున్నవాని ఒళ్లు కూడ వేడెక్కుతూ పోతుందనీ కనుగొన్నాడు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడును. చెమ్మగాలిలో చెమట ఆరదు. సముద్రంలో దిగే ఈతగాండ్రు మెల్లగా, ఆగి ఆగి పైకి రావలెనన్న పట్టికలను 1908లో ప్రకటించినాడు. ఆ ప్రయోగాలకు మేకలు ఉపయోగపడినవి. 1911లో అమెరికాలోని పైక్స్ శిఖరమెక్కి పలుచనిగాలిని పరిశోధించినాడు. 1915 ఏప్రిల్‌లో జర్మనీ సేనలు విషవాయువు ప్రయోగించగా ఫ్రాన్సుకు పోయి, అది క్లోరిన్ అని నిర్ధారించి, సైనికులకు మొగముమీది తొడుగులు చేయటంలో పాల్గొన్నాడు. ఒక్కొక్కటి ఒక్కొక్క పెద్ద కథ. ఇక్కడ తడవటానికి చోటు లేదు.

గోదావరి లోయ బొగ్గుతో హాల్డేన్ పరంపరకు ముడిపడిన సంగతి మరొకటి ఉన్నది. బొగ్గు గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొంటుందని పైన చెప్పినాము. అట్లు పీల్చినపుడు వేడి పుడుతుంది. ఆ వేడి పోవటానికి దారి లేకపోతే బొగ్గు తనంతట తానే రాజుకొంటుంది. సింగరేణి గనులు ఈ బెడదను చాలకాలంగా ఎరుగును. బొగ్గు తీసివేసిన ఖాళీలలో మిగిలిన పొడి రాజుకొన్నపుడు, ఆ భాగాలను గోడలు కట్టి మూసివేయవలసివస్తుంది. ఇంగ్లండులో డాంకస్టర్ బొగ్గుగనుల యజమానులు ఇదే బాధతో ఒక పరిశోధనశాల స్థాపించి హాల్డేనును దానికి అధిపతిని చేసినారు. 1921లో అది బర్మింగ్‌హామ్‌కు తరలినది. అక్కడ ఆయనతో పనిచేసిన ఐవన్ గ్రాహం పేరుమీద గ్రాహం నిష్పత్తి అని ఒక లెక్క వచ్చినది.

ఆ లెక్క ఇది. గనిగాలిలో ప్రాణవాయువు ఎంత తగ్గినదో చూడవలె. ఎంత కార్బన్ మోనాక్సైడు పుట్టినదో చూడవలె. తగ్గిన ప్రాణవాయువును నూరు పాళ్లనుకొంటే పుట్టిన విషం ఎన్ని పాళ్లు? నూటికి ఒక పాలు వస్తే ఎక్కడో బొగ్గు వేడెక్కుతున్నదని అనుమానించవలె. మూడు దాటితే నిప్పు పుట్టినదనియే భావించవలె. కార్బన్ మోనాక్సైడును ఒక్కదానినే కొలిస్తే చాలదా అని విద్యార్థులు అడుగవచ్చును. చాలదు. ప్రాణవాయువు 2 పాళ్లు తగ్గి విషం 0.02 పాలు పుట్టినదనుకొందాం, నిష్పత్తి ఒకటి. అదే దారిలోకి మంచిగాలి రెట్టింపు వదిలితే, తగ్గుదల 1 పాలు, విషం 0.01 పాలుగా కనిపిస్తుంది. విషం సగమైనదని సంతోషించేవాడు మోసపోతాడు. నిష్పత్తి మాత్రం ఒకటి దగ్గరనే నిలిచి ఉన్నది. ఎక్కువ గాలి పంపి నిప్పును దాచలేము. ఈ పరీక్షకు గాలిని విశ్లేషించే గాజుపరికరాన్ని కూడ హాల్డేన్ రూపొందించినాడు. చిరకాలం గని ప్రయోగశాలలలో అది ఆయన పేరుతోనే వ్యవహరింపబడినది. కర్రతో కప్పు తట్టి వినే సర్దారు, సీసాలో గాలి పట్టి పంపే మనిషి, ఆ గాలికి అంకెలు కట్టే ప్రయోగశాల - ఈ ముగ్గురిలో ఎవరు పొరపడినా భూమి లోపల ఉన్నవారికి తెలిసే వీలు లేదు.

హాల్డేన్ పొరపడలేదా? పొరపడినాడు. రాతిధూళి ఊపిరితిత్తులను చెరుస్తుందని గట్టిగా చెప్పినవారిలో ఆయన ఒకడు. కాని బొగ్గుధూళి అంత హాని చేయదని ఆయన నమ్మినాడు. ఆ నమ్మకాన్ని కడవరకు విడువలేదు. బొగ్గు కార్మికుల దగ్గును వేరుగా రోగమని గుర్తించటానికి ఆ మాటకున్న బరువు అడ్డు తగిలినది. ఆయన పోయిన పిమ్మట, 1937 నుండి దక్షిణ వేల్స్‌లో జరిగిన పరిశోధనలవల్ల బొగ్గుధూళి కూడ ఊపిరితిత్తులను గట్టిపరుస్తుందని స్థిరపడినది; 1943లో అక్కడి కార్మికులకు నష్టపరిహారపు ఏర్పాటు జరిగినది. ఈ నడుమ ఎందరు దగ్గుతూ రిక్తహస్తాలతో ఇంటికి పోయినారో! గని యజమానుల ధనంతో నడిచే పరిశోధనశాలకు అధిపతిగా ఉండటంవల్ల ఆయన దృష్టి మళ్లినదా అని సందేహించేవారున్నారు. ఆయన నడవడి నెరిగినవారు దానిని ఒప్పుకొనరు. కాని ఊపిరాడని వానికి శాస్త్రజ్ఞుని చిత్తశుద్ధి ఏమి ఆదరువు? పుట్టిన నిమిషంలో చంపే వాయువును పట్టటానికి ఆయన పద్ధతి అద్భుతంగా పనికివచ్చినది. ఇరవై ఏండ్లకు చంపే ధూళి దానికి అందలేదు. తానే పీల్చి, గడియారం చూచి వ్రాసికొనే ప్రయోగంలో ఇరవై ఏండ్లు ఇమడవు.

గని ఇంజనీర్లు ఆయనను ఎంత దగ్గరివానిగా భావించినారో తెలియటానికి ఒక నిదర్శనమున్నది. వృత్తిచేత వైద్యుడైన ఆ మనిషిని వారు 1924 నుండి 1928 వరకు తమ సంస్థకు అధ్యక్షునిగా ఉంచుకొన్నారు. 1897లోనే రాయల్ సొసైటీ సభ్యత్వం, 1934లో ఆ సంస్థవారి కోప్లీ పతకం ఆయనను వరించినవి. బిరుదుల జాబితా ఇంకా ఉన్నది గాని, భూమి లోపల మోకాళ్లమీద పాకుతూ పోయిన గంటలే ఆయనకు ఎక్కువ ఇష్టమని చదివినవారికి తోస్తుంది.

1936 నాటికి ఆయనకు 75 ఏండ్లు. ఇరాను, ఇరాకు దేశాలలో చమురుబావుల పనివారు వడదెబ్బకు గురవుతున్నారని విని, ఆ వేడిలోకి స్వయంగా పోయి చూచివచ్చినాడు. తిరిగి వచ్చిన కొద్దికాలానికే న్యుమోనియా పట్టుకొన్నది. జీవితమంతా ఊపిరిని గూర్చి యోచించినవాడు, మార్చి 14వ తేదీ అర్ధరాత్రి వేళ ఆక్స్‌ఫర్డులో ఊపిరి విడిచినాడు.

గనిలో ఆంటొనీ ప్రసంగం వల్లించి కూలిన ఆ బాలుడే జె. బి. ఎస్. హాల్డేన్. జన్యుశాస్త్రంలో జగద్విఖ్యాతుడై, 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడినాడు. కలకత్తాలో కొంతకాలం, భువనేశ్వరంలో కొంతకాలం పనిచేసినాడు. 1961లో భారత పౌరుడైనాడు. తండ్రివలెనే తన దేహంమీదనే ప్రయోగాలు చేసికొన్నవాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో మరణించినాడు. తన శరీరాన్ని దహనం చేయవద్దనీ, వైద్యవిద్యార్థుల చదువుకు ఇవ్వవలసిందనీ ముందుగానే వ్రాసిపెట్టినాడు. ఆ కోరిక ప్రకారం ఆ దేహం ఆంధ్రతీరానికి, కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేరినది.